నిలబడి చూడాలా, నిద్రపోవాలా?

ఒంటి లైను మీద రైలు ముందుకు కదలాలంటే డ్రైవరు దగ్గర టోకెన్ ఉండాలి. మన రైల్వేల్లో చాలాకాలం అది చేత్తో పట్టుకునే వస్తువే, ఒక లోహపు బంతి. పక్కపక్కనున్న రెండు స్టేషన్లలో చెరో యంత్రం ఉంటుంది. రెంటినీ తీగ కలుపుతుంది. ఏ యంత్రం నుంచైనా ఒక బంతి బయటికొచ్చిందంటే, అది తిరిగి ఈ రెంటిలో ఒకదాంట్లోకి చేరేదాకా రెండో బంతి రాదు. బంతిని సంచిలో వేసి, పెద్ద రింగుకు కట్టి, స్టేషన్ మనిషి పైకెత్తి పట్టుకునేవాడు. ఆగని రైలైతే పాత టోకెన్ ప్లాట్‌ఫారం మీద పడేసి, కొత్తది చెయ్యి చాపి అందుకుని సాగిపోయేది. బంతి ఒక్కటే గనక రెండు రైళ్ళు ఎదురెదురు పడవు.

అటునుంచి బంతి దొరికిన రైలు వస్తుంటే ఇటు రైలు లూప్ లైన్లో ఆగి ఉంటుంది. "క్రాసింగ్ పడింది" అని ప్రయాణికులు విసుక్కుంటారు. ఆ వెంటనే అందరూ అడిగేది ఒకటే: ఎంతసేపు? రెండు నిమిషాలంటే తలుపు దగ్గరే నిలబడతాం. అరగంటంటే దిగి టీ తాగొస్తాం. ఎంతసేపో తెలుసుకోకుండా టీకి వెళ్ళినవాడు రైలు వెనకాల పరిగెత్తాల్సిందే.

1960ల మొదట్లో నెదర్లాండ్స్‌లో ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా, ఒకే కంప్యూటర్లో కలిసి నడిచే ప్రోగ్రాములు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా ఒక ఉపాయం కనిపెట్టి దానికి సెమఫోర్ అని పేరు పెట్టాడు. సెమఫోర్ అంటే చెయ్యి చాపినట్టుండే రైల్వే సిగ్నల్. ఇవాళ ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డున ఉండే కెర్నెల్లో పదికి పైగా రకాల లాకులున్నాయి. రైళ్ళు ఎదురుపడకుండా చూడటమే వాటన్నిటి పని. వాటి మధ్య తేడా ఎక్కువగా లూప్ లైన్లో కనిపిస్తుంది: ఆగినవాడు ఎలా ఆగాలి? కెర్నెల్ రాసేవాళ్ళు లాక్ ఎంచుకునేటప్పుడు తేల్చుకునేది ఇదే.

లెక్క తప్పే చోటు

అసలు లాక్ ఎందుకో ముందు చూద్దాం. మెమరీని కెర్నెల్ పేజీలుగా విడగొట్టి పంచుతుంది. చాలా యంత్రాల్లో పేజీ అంటే 4 కిలోబైట్లు. ఒక్కో పేజీని ఎంతమంది వాడుతున్నారో ఒక అంకెగా రాసి ఉంచుకుంటుంది. అంకె సున్నాకి దిగితే, ఈ పేజీ ఇక ఎవరికీ అక్కర్లేదని ఇంకొకరికి ఇచ్చేస్తుంది.

అంకె 2 దగ్గరుందనుకోండి. ఇద్దరు కొత్తవాళ్ళు ఒకేసారి వచ్చారు, ఒకరు ప్రాసెసర్ మొదటి కోర్ మీద, ఇంకొకరు రెండో కోర్ మీద. ఒకటి కలపడం మనకి ఒక్క పనిలా కనిపిస్తుంది. ప్రాసెసర్‌కి మాత్రం అందులో మూడు పనులున్నాయి: చదవడం, కలపడం, తిరిగి రాయడం. రెండు కోర్లూ 2 అనే చదివాయి, రెండూ 3 అనే రాశాయి. వాడేవాళ్ళు నలుగురు, లెక్కలో ముగ్గురు. కాసేపటికి ముగ్గురు వెళ్ళిపోగానే అంకె సున్నా అవుతుంది. నాలుగోవాడు ఇంట్లో ఉండగానే ఆ ఇల్లు ఇంకొకరికి అద్దెకిచ్చేసినట్టు!

ఇలాంటి తప్పు పరీక్షల్లో సులువుగా దొరకదు. రెండు కోర్లు సరిగ్గా ఆ క్షణంలోనే తగులుకోవాలి. 2016లో బయటపడ్డ "డర్టీ కౌ" ఈ జాతిదే. పేజీకి సొంత కాపీ తీసే పనికీ, ఆ కాపీని పారేసే పనికీ మధ్య చిన్న సందు ఉండిపోయింది. ఆ సందులో దూరి మామూలు యూజర్ తనకి రాసే హక్కు లేని ఫైళ్ళలో రాయగలిగేవాడు. అది 2007 నుంచీ లినక్స్ అనే కెర్నెల్లో ఉండేది. తొమ్మిదేళ్ళు ఎన్నో కళ్ళు దాని మీదుగానే వెళ్ళిపోయాయి.

ఒక్క అంకె విషయమే అయితే లాక్ వెయ్యడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. చదివి, కలిపి, రాసే మూడింటినీ విడదీయకుండా ఒక్కటిగా చేసే ఆదేశాలు ప్రాసెసర్లోనే ఉన్నాయి. వాటిని అటామిక్ ఆపరేషన్లు అంటారు. పేజీల లెక్క కెర్నెల్ వాటితోనే నడుపుతుంది. కాని గొలుసులో కొత్త లింకు దూర్చాలంటే ముందున్నదాని కొక్కెం, వెనకున్నదాని కొక్కెం రెండూ మార్చాలి. ఒకటి మార్చి రెండోది మార్చేలోపు ఎవరైనా తొంగిచూస్తే తెగిన గొలుసే కనపడుతుంది. నాలుగు మార్పులు కలిసి ఒక్కటిగా కనిపించాల్సిన ఇలాంటి చోట లాక్ తప్పదు.

ఊరంతటికీ ఒకటే తాళం

లినక్స్ మొదట్లో ఒక్క ప్రాసెసర్ మీదే నడిచేది. 1996 జూన్‌లో వచ్చిన 2.0 వెర్షన్‌తో ఒకటికి మించి ప్రాసెసర్లున్న యంత్రాల మీద నడవటం నేర్చుకుంది. నేర్చుకున్న పద్ధతి మాత్రం మొరటుది. కెర్నెల్ మొత్తానికి ఒకటే తాళం వేశారు, దాని పేరు బిగ్ కెర్నెల్ లాక్. నాలుగు ప్రాసెసర్లున్నా కెర్నెల్ లోపలికి ఒకసారి ఒక్కటే వెళ్ళగలదు. ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌లోనూ ఇలాంటిదే ఉండేది, దాన్ని జయంట్ అనేవారు.

మొదలుపెట్టడానికి అది తెలివైన పనే. పాత కోడ్ పెద్దగా మార్చకుండా పని జరిగిపోయింది. అసలు చిక్కు దాన్ని తీసేయబోతే వచ్చింది. ఆ లాక్ ఏ డేటాని కాపాడుతోందో ఎక్కడా రాసి లేదు. అన్నిటినీ కాపాడుతోంది గనక, దేన్ని కాపాడుతోందో ఎవరికీ తెలియదు. పైగా దానికి వింత అలవాట్లుండేవి. పట్టుకున్నవాడు నిద్రలోకి జారితే లాక్ దానంతటదే వదులుకునేది, లేవగానే మళ్ళీ చేతికొచ్చేది. పట్టుకున్నవాడే రెండోసారి పట్టుకున్నా ఊరుకునేది. ఈ అలవాట్ల మీద ఆధారపడి ఎంత కోడ్ పెరిగిందో! ఒక్కో ఫైల్ సిస్టమ్ నుంచీ, పరికరాల్ని నడిపే ఒక్కో డ్రైవర్ నుంచీ దాన్ని విప్పుకుంటూ వచ్చి, 2011లో 2.6.39 వెర్షన్‌లో చివరి ముక్క తీసేశారు. వెయ్యడానికి ఒక వెర్షన్ చాలింది, తియ్యడానికి పదిహేనేళ్ళు పట్టింది.

కెర్నెల్ రాసేవాళ్ళలో పాతుకుపోయిన మాట ఒకటుంది: తాళం డేటాకి వెయ్యి, కోడ్‌కి వెయ్యకు. ఆ పదిహేనేళ్ళ అనుభవం దానికి మంచి వ్యాఖ్యానం.

పిండిమర దగ్గర

ఒక్కో డేటాకి ఒక్కో తాళం అనుకున్నాక, ఏ రకం అన్న ప్రశ్న వస్తుంది. పిండిమర దగ్గరకి గోధుమల డబ్బా పట్టుకెళ్ళారనుకోండి. ముందు ఒక్కరే ఉండి, అదీ అయిపోవస్తుంటే అక్కడే నిలబడతారు. పదిమంది ఉంటే డబ్బా క్యూలో పెట్టి, "నా వంతు రాగానే కబురు పెట్టు" అని ఇంటికెళ్ళి ఒక కునుకు తీస్తారు.

నిలబడేవాడి లాక్ పేరు స్పిన్‌లాక్. లాక్ దొరకని కోర్ "ఖాళీయేనా? ఖాళీయేనా?" అని అడుగుతూ అక్కడే గిరగిర తిరుగుతుంది. ఆ కాసేపూ ఇంకో పని చెయ్యదు. కునుకు తీసేవాడి లాక్ పేరు మ్యూటెక్స్. లాక్ దొరకని థ్రెడ్, అంటే కోర్ మీద నడిచే పని, తన పేరు క్యూలో రాయించుకుని నిద్రపోతుంది, ఆ కోర్ ఇంకో థ్రెడ్ పని అందుకుంటుంది. లాక్ వదిలేవాడు వెళ్తూ వెళ్తూ దాన్ని లేపుతాడు.

నిద్రే నయమనిపిస్తుంది గాని నిద్ర ఊరికే రాదు. ఉన్న థ్రెడ్ సరంజామా అంతా సర్ది పక్కన పెట్టి, ఇంకోదాని సరంజామా పరవాలి. లేచినప్పుడు మళ్ళీ అదే తంతు. ఒక్కో మార్పిడికి మైక్రోసెకన్ల లెక్కన పడుతుంది. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఒక్క మైక్రోసెకన్‌లో మూడు వేల సార్లు టిక్కుమంటుంది. గొలుసులో ఒక లింకు దూర్చే పని వంద టిక్కుల్లో అయిపోతుంటే, దానికోసం వేల టిక్కులు ఖర్చుపెట్టి నిద్రపోవడం ఇంటికెళ్ళే ఆటో ఖర్చు పిండి ధర కంటే ఎక్కువైనట్టు. కాబట్టి మొదటి సూత్రం ఇది: పట్టుకునే కాలం రెండు మార్పిడుల కంటే తక్కువైతే నిలబడు, ఎక్కువైతే నిద్రపో.

ఎంతసేపో ముందే తెలియకపోతే? మర ఆడుతోందా లేదా అని చెవి పెట్టి వినండి. ఆడుతుంటే ముందున్నవాడి పిండి ఇప్పుడో అప్పుడో దిగుతుంది, నిలబడొచ్చు. కరెంటు పోయి మర ఆగితే ఇంటికెళ్ళడమే మేలు. సోలారిస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో మ్యూటెక్స్ చాలాకాలంగా ఇలాగే చేసేది. లినక్స్ మ్యూటెక్స్ 2009లో ఈ తెలివి అందుకుంది. లాక్ పట్టుకున్నవాడు ఈ క్షణం ఏదో ఒక కోర్ మీద నడుస్తుంటే కాసేపు తిరుగుతూ చూస్తుంది. అతను కూడా నిద్రలో ఉంటే తనూ నిద్రపోతుంది.

ఇంకో చిన్న తమాషా. ఒకే ప్రాసెసర్ కోసం, మధ్యలో పని మార్చని పద్ధతిలో కెర్నెల్ని తయారుచేస్తే స్పిన్‌లాక్ మొత్తం మాయమైపోతుంది, దానికి కోడే పుట్టదు. తిరుగుతూ చూడాలంటే రెండో కోర్ ఉండాలి కదా!

నిద్ర పనికిరాని చోటు

మరి మ్యూటెక్స్‌కి ఇంత తెలివి వచ్చాక స్పిన్‌లాక్ ఎందుకు? కెర్నెల్లో నిద్ర నిషిద్ధమైన చోట్లున్నాయి గనక.

కీబోర్డు మీద మీట నొక్కినా, నెట్‌వర్క్ చిప్‌కి డేటా చేరినా ఆ పరికరం ప్రాసెసర్ భుజం తడుతుంది. దీన్ని ఇంటరప్ట్ అంటారు. ప్రాసెసర్ చేస్తున్న పని ఉన్నపళంగా ఆపి ఈ పని చూస్తుంది. ఇంటరప్ట్ పనికి సొంత థ్రెడ్ లేదు, ఎవరి సమయంలోనో చొరబడి నడుస్తోంది. నిద్రపోవాలంటే క్యూలో రాయించుకోవడానికి ఒక పేరుండాలి, దానికి ఆ పేరే లేదు. పేరు లేనివాణ్ణి ఎవరు లేపుతారు? అందుకని ఇంటరప్ట్ తాకే డేటాకి మ్యూటెక్స్ పనికిరాదు. అది ఎంత మంచిదైనా సరే.

స్పిన్‌లాక్ పట్టుకున్నవాడు కూడా నిద్రపోకూడదు. అతను నిద్రపోతే బయట తిరుగుతున్న కోర్లన్నీ అతను లేచేదాకా తిరుగుతూనే ఉంటాయి. ఇది చెప్పినంత తేలిక కాదు, ఎందుకంటే నిద్ర దొంగచాటుగా వస్తుంది. కాస్త మెమరీ కావాలని అడిగారు. ఖాళీ లేకపోతే కెర్నెల్ పాత పేజీలు డిస్కుకి పంపి ఖాళీ చేసేదాకా మిమ్మల్ని నిద్రపుచ్చవచ్చు. యూజర్ ప్రోగ్రామ్ మెమరీ నుంచి నాలుగు బైట్లు కాపీ చేశారు. ఆ పేజీ డిస్కు మీదుంటే అదీ నిద్రే. అందుకే మెమరీ అడిగేటప్పుడు "నిద్రపోయే వీల్లేదు, ఉంటే ఇవ్వు, లేకపోతే లేదను" అని చెప్పే పద్ధతి వేరుగా ఉంది. పొరపాటు చేస్తే, తనిఖీలు పెట్టి తయారుచేసిన కెర్నెల్ "నిద్రపోగల ఫంక్షన్ని తప్పుడు చోట పిలిచారు" అని గట్టిగా తిడుతుంది. కొత్తగా డ్రైవర్ రాసేవాళ్ళు ఆ తిట్టు తినక తప్పదు.

ఇంకో ఉచ్చు ఇంతకంటే లోతైనది. ఒక కోర్ మీద మామూలు పని స్పిన్‌లాక్ పట్టుకుని ఉంది. అదే కోర్ మీదికి ఇంటరప్ట్ వచ్చి అదే లాక్ అడిగింది. ఇంటరప్ట్ తిరుగుతూ ఉంటుంది. లాక్ వదలాల్సినవాడు దాని కిందే నలిగి ఉన్నాడు, ఇంటరప్ట్ ముగిస్తేగాని అతను కదలడు. ముగిసేది లేదు, వదిలేది లేదు. కాబట్టి ఇంటరప్ట్‌తో పంచుకునే లాక్ పట్టుకునేముందు ఆ కోర్‌కి వచ్చే ఇంటరప్ట్‌లు ఆపెయ్యాలి. వేరే కోర్ మీదికి వస్తే ఫరవాలేదు, అది కాసేపు తిరుగుతుంది, ఇక్కడివాడు పని ముగించి వదులుతాడు. ఏ లాక్ అన్నదానితో పాటు ఏ రూపంలో పట్టుకోవాలన్నది కూడా ఎంపికే. రస్టీ రస్సెల్ రాసిన కెర్నెల్ లాకింగ్ గైడ్‌లో దీనికోసం ఏకంగా ఒక పట్టికే ఉంది: ఎవరెవరు పంచుకుంటున్నారో చూసుకుంటే ఏ రూపం వాడాలో దొరుకుతుంది.

రుమాలు వేసినవాడిదే సీటు

తిరుగుతూ చూసేవాళ్ళు ఇద్దరికి మించితే న్యాయం సంగతి వస్తుంది. పాత స్పిన్‌లాక్ పద్ధతి మన ఊరి బస్సు లాంటిది. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి రుమాలు వేసినవాడిదే సీటు. ఎప్పట్నుంచి నిలబడ్డామన్నది లెక్కలోకి రాదు, కిటికీకి దగ్గరున్నామా లేదా అన్నదే లెక్క. ప్రాసెసర్లోనూ అంతే. లాక్ ఉన్న మెమరీ ముక్క ఎవరి క్యాష్‌కి (కోర్ పక్కనుండే చిన్న మెమరీకి) దగ్గరుంటే వాళ్ళకే మళ్ళీ మళ్ళీ దొరికేది. ఎనిమిది కోర్ల యంత్రం మీద నిక్ పిగ్గిన్ చూస్తే ఒకే పని చేసే థ్రెడ్ల మధ్య పట్టిన సమయంలో రెండింతల దాకా తేడా కనిపించింది. 2008లో ఆయన లినక్స్‌లోకి టికెట్ లాక్ తెచ్చాడు. డాక్టరు దగ్గర టోకెన్ తీసుకున్నట్టు వచ్చినవాడు ఒక నంబరు తీసుకుంటాడు, ఆ నంబరు పిలిచేదాకా చూస్తాడు.

న్యాయం కుదిరింది గాని రద్దీ తగ్గలేదు. అందరూ నంబరు చూపే ఒకే బోర్డు వైపు చూస్తున్నారు. బోర్డు మారిన ప్రతిసారీ అన్ని కోర్ల క్యాష్‌లలోని కాపీలు చెల్లకుండా పోతాయి, అందరూ మళ్ళీ చదువుకోవాలి. 2012లో ఎంఐటీ పరిశోధకులు 48 కోర్ల యంత్రం మీద చూపించింది ఇదే. కొన్ని పనుల్లో కోర్లు పెంచేకొద్దీ వేగం కొంతదాకా పెరిగి, ఆపైన ఒక్కసారిగా కూలిపోయింది.

విరుగుడు 1991లోనే ఉంది. జాన్ మెల్లర్-క్రమ్మీ, మైకేల్ స్కాట్ అనే ఇద్దరు చెప్పిన లాక్‌లో ప్రతివాడూ తన ముందున్నవాడి వెనక నిలబడి, తన సొంత మెమరీ ముక్క వైపే చూస్తుంటాడు. ముందున్నవాడు వెళ్తూ ఆ ఒక్కడి భుజమే తడతాడు. వెయిమన్ లాంగ్ దీన్ని నాలుగు బైట్లలో ఇమిడేలా కుదించాక 2015లో లినక్స్ స్పిన్‌లాక్ ఆ రూపం తీసుకుంది. డ్రైవర్ రాసేవాళ్ళు ఒక్క అక్షరం మార్చనక్కర్లేకపోయింది. పేరు అదే, లోపలి క్యూ మారింది.

చదివేవాళ్ళు వందమంది, రాసేవాడు ఒక్కడు

కెర్నెల్లో చాలా డేటా మారేది తక్కువ, చదివేది ఎక్కువ. చదివేవాళ్ళు ఒకరికొకరు అడ్డు కాదు, మరి వాళ్ళని ఎందుకు ఆపాలి? చదివేవాళ్ళందరినీ రానిచ్చి, రాసేవాణ్ణి మాత్రం ఒంటరిగా రానిచ్చే లాక్‌ని రీడర్-రైటర్ లాక్ అంటారు. కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. కాని లోపల ఎందరున్నారో లెక్క ఉండాలి. చదవడానికి వచ్చిన ప్రతివాడూ ఆ లెక్క పుస్తకంలో రాయాలి. చదివేది రెండు టిక్కుల పనైతే సంతకం పెట్టడానికే తోపులాట. చిన్న పనులకి మామూలు స్పిన్‌లాకే నయమైన సందర్భాలు బోలెడు.

గడియారం విషయంలో దారి వేరు. సమయం చెప్పే డేటాని కెర్నెల్ క్షణానికి ఎన్నోసార్లు సరిచేస్తుంది. సమయం అడిగే ప్రోగ్రాములు లెక్కలేనన్ని. వాటికోసం గడియారం ఆగకూడదు. దీనికి సీక్వెన్స్ లాక్ వాడతారు. రాసేవాడు మొదలుపెడుతూ ఒక అంకెని బేసి చేస్తాడు, ముగించి సరి చేస్తాడు. చదివేవాడు ముందు అంకె చూసి, సమయం చదివి, మళ్ళీ అంకె చూస్తాడు. బేసి కనిపించినా, అంకె మారినా చదివింది పారేసి మళ్ళీ చదువుతాడు. ఎదురుచూపు భారం మొత్తం చదివేవాడి మీదే. ఒక షరతుంది: చదివే డేటాలో ఇంకోచోటికి దారి చూపే పాయింటర్లు ఉండకూడదు. సగం మారిన చిరునామా పట్టుకుని వెళ్తే, మళ్ళీ చదువుదామనుకునేలోపే గోతిలో పడతాం.

పాయింటర్లున్న చోటికి ఆర్‌సీయూ ఉంది. ఇది సీక్వెంట్ అనే కంపెనీ యూనిక్స్‌లో 1990లలో పాల్ మెకెన్నీ, జాక్ స్లింగ్‌వైన్ తీర్చిదిద్దిన పద్ధతి. 2002 అక్టోబరులో లినక్స్‌లోకి వచ్చింది. ఉగాదికి గోడ మీద పాత పంచాంగం తీసి కొత్తది తగిలించినట్టు, రాసేవాడు పాతదాన్ని దిద్దడు. కాపీ తీసి, అందులో మార్చి, కొత్తదాన్ని కొక్కేనికి తగిలిస్తాడు. ఇకమీదట వచ్చేవాళ్ళు కొత్తది చూస్తారు. అప్పటికే పాతది చేతిలో ఉన్నవాళ్ళు అదే చదువుకుంటారు. వాళ్ళందరూ కింద పెట్టాక పాతదాన్ని పారేస్తారు.

కింద పెట్టారని ఎలా తెలుస్తుంది? సంతకాలు పెట్టించుకుంటే మళ్ళీ పాత తోపులాటే. ఇక్కడే ఆర్‌సీయూ అందం ఉంది. దాని మూల రూపంలో చదివేవాడు చదువుతూ నిద్రపోకూడదు. కాబట్టి ఒక కోర్ ఒక థ్రెడ్‌ని వదిలి ఇంకోదానికి మారిందంటే, దాని మీద మునుపటి చదువరి ఎవరూ మిగల్లేదని అర్థం. ప్రతి కోర్ ఒక్కసారి అలా మారితే చాలు, పాతది పారెయ్యొచ్చు. చదివేవాడు లాక్ పట్టుకోడు, అంకె రాయడు. కొన్ని రకాల కెర్నెళ్ళలో అతని "లాక్ పట్టు" అన్న మాటకి ఒక్క ఆదేశం కూడా పుట్టదు. నిద్రపోననే మాటే అతని సంతకం.

అంగారకుడి మీద ఆగిన పని

తప్పుడు ఎంపిక ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి కోట్ల కిలోమీటర్ల అవతలి కథ ఉంది. 1997 జులై 4న నాసా పాత్‌ఫైండర్ అంగారకుడి మీద దిగింది. కొన్నాళ్ళకి దాని కంప్యూటర్ ఉన్నట్టుండి రీసెట్ అవడం మొదలుపెట్టింది. అందులో నడిచేది వీఎక్స్‌వర్క్స్ అనే రియల్‌టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్.

అందులో ముగ్గుర్ని ఊహించుకోండి. సమాచారం చేరవేసే పని అందరికంటే ముఖ్యం. వాతావరణం కొలిచే పని అందరికంటే కింద. మధ్యలో మధ్యస్థం పనులు. ముఖ్యమైనదీ, వాతావరణం పనీ ఒక మ్యూటెక్స్ పంచుకుంటాయి. కిందిపని లాక్ పట్టుకుంది. పైపని దానికోసం ఆగింది. అంతలో మధ్యస్థం పని వచ్చి, కిందిదాని కంటే నాదే ఎక్కువని ప్రాసెసర్ లాక్కుంది. కిందిపని నడవదు గనక లాక్ వదలదు, పైపనికి దిక్కులేదు. దొరగారు నౌకరు దగ్గరున్న తాళంచెవి కోసం చూస్తుంటే, నౌకర్ని గుమాస్తా గుమ్మంలో ఆపేసినట్టు. ముఖ్యమైన పని సమయానికి జరగలేదని కాపలా గడియారం చూసి మొత్తం రీసెట్ చేసేది.

దీని పేరు ప్రయారిటీ ఇన్వర్షన్. మందు కూడా తెలుసు: లాక్ పట్టుకున్నవాడికి, దానికోసం ఆగిన పెద్దవాడి హోదా తాత్కాలికంగా ఇవ్వాలి. లూయీ షా, రగునాథన్ రాజ్‌కుమార్, జాన్ లెహోచ్కీ 1990లోనే దాన్ని శాస్త్రబద్ధంగా రాశారు. వీఎక్స్‌వర్క్స్ మ్యూటెక్స్‌లో ఆ సదుపాయం ఉంది. లాక్ తయారుచేసేటప్పుడు ఒక ఆప్షన్ చెబితే చాలు. ఆ ఒక్క లాక్‌కి అది చెప్పలేదు. భూమి మీద అదే పరిస్థితి పుట్టించి కారణం పట్టుకున్న ఇంజనీర్లు, ఆ ఆప్షన్ని మార్చే చిన్న ప్రోగ్రామ్‌ని అంగారకుడికి పంపారు. రీసెట్లు ఆగాయి.

సెమఫోర్‌కి బదులు మ్యూటెక్స్ ఎందుకని అడిగితే జవాబు ఇక్కడే ఉంది. సెమఫోర్‌కి యజమాని లేడు, ఒకరు పట్టుకుంటే ఇంకొకరు వదలొచ్చు. హోదా ఎవరికివ్వాలో తెలియదు. మ్యూటెక్స్‌ని పట్టుకున్నవాడే వదలాలి. ఇంగో మోల్నార్ రాసిన మ్యూటెక్స్ 2006లో లినక్స్‌లోకి వచ్చాక, అంతవరకూ తాళాలుగా వాడుకున్న సెమఫోర్లు చాలావరకు దానికి చోటిచ్చాయి. 2024లో 6.12 వెర్షన్‌తో రియల్‌టైమ్ పద్ధతి ప్రధాన లినక్స్‌లో కలిసింది. ఆ పద్ధతిలో మామూలు స్పిన్‌లాకులు కూడా నిద్రపోయే, హోదా ఇచ్చే లాకులుగా మారిపోతాయి. నిజంగా తిరగాల్సిన కొద్ది చోట్లకి "రా" స్పిన్‌లాక్ అని వేరే ఉంది.

రోలూ రోకలీ

రకం సరిగ్గా ఎంచుకున్నా ఒక చిక్కు మిగులుతుంది. ఒకావిడ రోలు తెచ్చుకుని రోకలి కోసం చూస్తోంది. పక్కింటావిడ రోకలి తెచ్చుకుని రోలు కోసం చూస్తోంది. ఇద్దరూ మర్యాదస్తులే, ఇద్దరి పిండీ దంపుడు కాదు. డెడ్‌లాక్ అంటే ఇదే. ఎవరైనా ముందు రోలు, తర్వాతే రోకలి అన్న కట్టుబాటు ఒక్కటుంటే ఈ చిక్కు రాదు.

వేల లాకులున్న కెర్నెల్లో ఈ వరుస మనిషి గుర్తుపెట్టుకోలేడు. 2006లో వచ్చిన లాక్‌డెప్ ఆ పని చేస్తుంది. ఒకసారి రోలు తర్వాత రోకలి పట్టడం చూస్తే రాసుకుంటుంది. ఇంకెప్పుడో, ఇంకెక్కడో రోకలి తర్వాత రోలు పట్టారంటే, ఆ పూట ఇద్దరూ ఢీకొనకపోయినా కేకేస్తుంది. ఇంటరప్ట్‌తో పంచుకునే లాక్‌ని ఇంటరప్ట్‌లు ఆపకుండా పట్టుకున్నా అంతే. ప్రమాదం జరగక్కర్లేదు, జరిగే వీలుందని తెలిస్తే చాలు.

ఒక మెసేజ్ వచ్చిన దారి

ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చిందనుకుందాం. దాని లోపల ఉండేది లినక్స్ కెర్నెలే. నెట్‌వర్క్ చిప్ ఇంటరప్ట్ కొట్టింది. ఇంటరప్ట్ తాకే క్యూలకి ఇంటరప్ట్‌లు ఆపి పట్టే స్పిన్‌లాక్. ఒక ప్యాకెట్ వచ్చిందని లెక్క రాయాలి, దానికి లాక్ లేకుండా ప్రతి కోర్‌కీ సొంత అంకె. గుడిలో నాలుగు మూలలా నాలుగు హుండీలు పెట్టి, లెక్కింపు నాడు కలిపినట్టు. ప్యాకెట్ ఎటు వెళ్ళాలో చెప్పే దారుల పట్టికకి ఆర్‌సీయూ. అదే సమయంలో మీరు సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ మారిస్తే ఆ మార్పుకి మ్యూటెక్స్. మెసేజ్ పక్కన చూపే సమయానికి సీక్వెన్స్ లెక్క.

చివరికి ప్యాకెట్, యాప్ నెట్‌వర్క్‌తో మాట్లాడే ద్వారమైన సాకెట్ దగ్గరకి చేరుతుంది. ఇక్కడే ఇద్దరు భిన్నమైనవాళ్ళు ఎదురుపడతారు. యాప్ తరఫున వచ్చిన థ్రెడ్ సాకెట్‌ని పట్టుకుని నిద్రపోవచ్చు. ప్యాకెట్ తెచ్చేది ఇంటరప్ట్ మిగిల్చిన పని, అది నిద్రపోకూడదు. మ్యూటెక్స్ పెడితే ప్యాకెట్‌కి కుదరదు. స్పిన్‌లాక్ పెడితే యాప్‌కి కుదరదు.

కెర్నెల్ చేసిన ఏర్పాటు ఇది. స్పిన్‌లాక్‌ని రెప్పపాటు మాత్రమే పట్టుకుని, దాని చాటున "ఇప్పుడు యజమాని ఉన్నాడు" అనే గుర్తు పెట్టారు. యాప్ తరఫువాడు ఆ గుర్తు పెట్టి, స్పిన్‌లాక్ వదిలేసి, తీరిగ్గా పని చేసుకుంటాడు. మరో యాప్ థ్రెడ్ వస్తే ఆ గుర్తు చూసి నిద్రపోతుంది. ప్యాకెట్ వస్తే గుర్తు చూస్తుంది, యజమాని ఉంటే ఆగదు. తనని తాను పక్కనున్న జాబితాకి తగిలించి, వెళ్ళిపోతుంది. యజమాని సాకెట్‌ని వదిలేముందు ఆ జాబితా తిరగేసి, తను లేనప్పుడు వచ్చినట్టే అన్నీ చక్కబెట్టి బయటికొస్తాడు.

నిద్రపోగలవాడు నిద్రపోయాడు. నిద్రపోలేనివాడు ఆగనక్కర్లేకుండా పోయాడు, ఆగని రైలు ప్లాట్‌ఫారం మీద టోకెన్ పడేసి సాగిపోయినట్టు.